రంగు గొడవ తర్వాత, ముందు హీటర్ కోర్ సంగతి చూడండి

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

నాన్నగారు పోయాక ఆయన 1965 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఈమెకూ, అన్నయ్యకూ ఉమ్మడిగా మిగిలింది. అన్నయ్య సెలవు రోజుల్లో నడుపుతారు, రిపేర్లు ఈమె చూసుకుంటారు. కొన్నాళ్లుగా హీటర్ వేస్తే ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతోంది, కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది. హీటర్ పెట్టె ఊడదీసి చూస్తే అడుగంతా తుప్పు. నురుగు సీళ్లు ముట్టుకుంటే పొడైపోతున్నాయి. పెట్టె బయటివైపు నాన్నగారు ఎప్పుడో బ్రష్‌తో వేసిన వెండి రంగు, దాని కింద అక్కడక్కడా కంపెనీ నలుపు. ఈమె వైర్ బ్రష్‌తో పెట్టెనంతా గీకేశారు. హీటర్ కాబట్టి వేడి తట్టుకోవాలి కదా అని, సైలెన్సర్లకు వేసే హై టెంపరేచర్ నల్ల స్ప్రే లోపలా బయటా నాలుగు కోట్లు కొట్టారు. పనిలో పనిగా కోర్ మీదా (వేడి కూలెంట్ ప్రవహించే, హీటర్ లోపలి చిన్న రేడియేటర్ ఇది) కొట్టారు. రెండు వారాలు దాటినా గోరు ఆనిస్తే గుర్తు పడుతోంది. ఫ్యాన్ పెట్టి తిప్పి చూస్తే గాలంతా పెయింటు వాసన.

ఈలోగా అన్నయ్య వచ్చి చూశారు. "నాన్న చేతి పని చెరిపేశావ్" అన్నారు. ఆ తర్వాత మాటల్లేవు. "హీటర్ పైపులు మూసేసి పెట్టె బిగించెయ్, చాలు" అని ఒక్క మెసేజ్ మాత్రం పెట్టారు. గీకకుండా మిగిలింది పెట్టె ముందు పలక ఒక్కటే. దాని మీద వెండి రంగులో బ్రష్ చారలు కనిపిస్తాయి. ఒక మూల బ్రష్ వెంట్రుక పెయింటులో ఇరుక్కుని అలాగే ఎండిపోయి ఉంది. ఆ పలకను చేతిలోకి తీసుకుంటే ఏడుపొస్తోంది అంటున్నారు ఈమె.

అడిగినవి: ఈ పెయింటు ఎప్పటికైనా గట్టిపడుతుందా? మళ్లీ వెండి రంగు వేయాలా, నలుపా? అన్నయ్య మళ్లీ వచ్చేలోపు చప్పుడు చేయకుండా బిగించేయవచ్చా? కోర్ లీకుకు కూలెంట్‌లో పోసే సీలర్ చాలా? పెట్టె వెనక బూడిద రంగు పీచు అట్ట ఒకటి ఉంది, దాన్నేం చేయాలి? మోటారు వైర్లు ఊడదీసేటప్పుడు ఏది ఎటో గుర్తు పెట్టుకోలేదు, ఎలా?

* * *

మీరు రాసిన వాటిలో ఒకటి మిగతా అన్నిటికంటే ముందు చూడాల్సింది. అద్దం మీద జిడ్డు పొర, కాళ్ల దగ్గర తడి. ఈ రెండూ కలిసి కనిపిస్తే కోర్ కారుతోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. వేడి కూలెంట్ ఆవిరై గాలితో పాటు వచ్చి చల్లటి అద్దానికి పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోకుండా ఇంకా మసకబారుతుంది. రాత్రిపూట ఎదురుగా లైట్లు పడితే రోడ్డు కనిపించదు. మీ అన్నాచెల్లెళ్ల గొడవ రంగు దగ్గర ఆగిపోయింది కానీ, ఆ కారు నడిపే మనిషికి ముందుగా కావాల్సింది ఈ లీకు ఆగడం. కోర్ తేలేదాకా ఇంకో డబ్బా పెయింటు కొనకండి.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కోర్ పైపుల్లో ఒకదాన్ని రబ్బరు బిరడాతో, క్లిప్పుతో గట్టిగా మూయండి. రెండోదానికి సైకిలు పంపు తగిలించి, కోర్‌ను నీళ్ల టబ్బులో పూర్తిగా ముంచి మెల్లగా గాలి కొట్టండి. మీ రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడిని మించవద్దు. కంప్రెసర్ నేరుగా పెట్టవద్దు, పాత కోర్ అయితే బాగున్న అతుకు కూడా ఊడుతుంది. బుడగలు వరసగా ఒకే చోటి నుంచి వస్తుంటే అదే మీ లీకు. మొదట్లో కోర్ మీది సన్న రేకు రెక్కల మధ్య ఇరుక్కున్న గాలి కూడా బుడగలుగా వస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి. కాసేపు ఆగి చూడండి.

లీకు పైపు మొదట్లోనో, పక్క తొట్టి అంచునో ఉంటే రేడియేటర్ పని తెలిసినవాళ్లు సోల్డరింగ్ చేసి ఇస్తారు. మధ్యలో సన్న గొట్టాల్లో ఉంటే ఒకటి అతికేలోపు పక్కది తెరుచుకుంటుంది. అప్పుడు లోపలి భాగం మొత్తం మార్పించుకోవడమో, కొత్త కోర్ తెచ్చుకోవడమో మేలు. సీలర్ విషయంలో మాత్రం నేను గట్టిగానే వద్దంటాను. అది చిల్లుకీ, సన్న దారికీ తేడా చూడదు. కూలింగ్ సిస్టమ్ మొత్తంలో బాగా సన్నటి దారులు హీటర్ కోర్‌లోనే ఉంటాయి కాబట్టి ముందు పూడిపోయేది అవే. లీకు ఆగితే ఆగవచ్చు, దాంతో పాటు హీటరు కూడా చల్లబడిపోతుంది.

కోర్ మీద కొట్టిన పెయింటుకు పెద్దగా భయపడనక్కర్లేదు. రెక్కల మీద మందంగా ఉంటే వేడి గాలిలోకి సరిగా చేరదు, గాలి దారి కూడా ఇరుకవుతుంది. కాబట్టి తీసేయడమే మంచిది. పైపుల నోళ్లు మూసి, కోర్‌ను థిన్నర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రెక్కల వాలునే కదుపుతూ కడగండి. వైర్ బ్రష్, ఇసుక బ్లాస్టింగ్ దాని దగ్గరికి రానీయవద్దు. ఆ రాగి, ఇత్తడి రేకు చాలా పల్చన. తర్వాత దానికి ఏ రంగూ వేయకపోయినా నష్టం లేదు. బోసిగా ఉందనిపిస్తే రేడియేటర్లకు వాడే పల్చటి నల్ల పెయింటు ఒక్క తేలిక కోటు చాలు.

ఇక మీ నల్ల స్ప్రే. అది గట్టిపడదు. తప్పు మీ చేతిది కాదు, ఆ పెయింటు రకమే అంత. సైలెన్సర్ పెయింటు సిలికాన్ రెసిన్‌తో చేస్తారు. గాలికి పైపైన ఆరినట్టు కనిపిస్తుంది కానీ అసలు గట్టిదనం వేడికి ఉడికితేనే వస్తుంది. రకాన్ని బట్టి ఆ వేడి సుమారు 200 డిగ్రీలో, అంతకంటే ఎక్కువో ఉండాలి. హీటర్‌లోకి వచ్చే నీళ్లు మామూలుగా 80, 90 డిగ్రీల దగ్గర ఉంటాయి. పెట్టె రేకు అంత కూడా వేడెక్కదు. అంటే ఆ పెయింటుకు కావాల్సిన వేడి దానికి జన్మలో అందదు. పేరులో హీటర్ ఉందని అందరూ ఆ డబ్బా వైపే చెయ్యి చాస్తారు, నిజానికి ఈ పెట్టెకు మామూలు ఎనామెల్ చక్కగా సరిపోతుంది.

నమ్మకం కుదరకపోతే తెల్లగుడ్డకు థిన్నర్ అద్ది కనిపించని మూల రుద్దండి. గుడ్డకు నల్లగా దిగితే ఉడకలేదన్నట్టే. అలా దిగే పెయింటును తీయడం తేలిక, అది మీకు కలిసొచ్చే విషయం. దాని మీదే ఇంకో పెయింటు వేసి కప్పేద్దామనుకుంటే మాత్రం పైకోటులోని థిన్నర్ కిందిదాన్ని లేపి ముడతలు పెడుతుంది. ఓవెన్‌లో పెట్టి ఉడికించే ఆలోచన కూడా రావచ్చు. వంటకు వాడే ఓవెన్‌లో అలాంటిది అస్సలు పెట్టకూడదు.

పెయింటు తీశాక అడుగు అతుకుల దగ్గర తీరిగ్గా కూర్చోండి. రేకు మీద రేకు పడి స్పాట్ వెల్డింగ్ చేసిన చోట్ల ఎండాకులు, మట్టి చేరి నీళ్లు నిలుస్తాయి. తుప్పు పుట్టేదీ మళ్లీ తిరిగి వచ్చేదీ అక్కడే, వైర్ బ్రష్ అక్కడికి దూరదు. సన్న స్క్రూడ్రైవర్ మొనతో గీరి, వాక్యూమ్‌తో లాగేసి, తుప్పును మార్చే ఫాస్ఫారిక్ ఆసిడ్ ద్రావణం సన్న బ్రష్‌తో ఎక్కించండి. డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, కడగమంటే కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆసిడ్ తడి మిగిలిన చోట ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు కోటు) పట్టుకోదు, కొన్నాళ్లకు పొక్కుల్లా లేస్తుంది. రేకు ఆరాక ఎపాక్సీ ప్రైమర్, దాని మీద కాస్త మెరుపు తగ్గిన నల్ల ఎనామెల్, రెండు పల్చటి కోట్లు. ఇదే నాకు నచ్చే దారి. నిదానంగా ఆరుతుంది కానీ ఇంట్లో చేసుకోవచ్చు, గీత పడితే బ్రష్‌తో సరిదిద్దుకోవచ్చు.

గట్టిగా, నున్నగా కావాలంటే హార్డెనర్ కలిపే టూకే పెయింటు ఉంది. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, పీలిస్తే ఊపిరితిత్తులకు శాశ్వతంగా చేటు జరగవచ్చు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా ఎవరూ కొట్టకూడదు. అది పెయింటర్‌కే వదిలేయండి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చడం) చేయించమని సలహా ఇచ్చేవాళ్లూ తగులుతారు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ ఆ పొర మందం, క్లిప్పులు పట్టే అంచులూ, గాలి దారి మళ్లించే ఫ్లాప్ తిరిగే ఇరుసులూ బిగుసుకుపోతాయి. పెట్టె లోపలి మూలల్లోకి పౌడర్ సరిగా చేరదు, మీ తుప్పేమో ఆ మూలల్లోనే ఉంది. ఆ పని మీద వెళ్తే పెట్టె ఖాళీగా ఇవ్వాలన్నది గుర్తుంచుకోండి. ఆ ఓవెన్ వేడి 180 నుంచి 200 డిగ్రీలు, కోర్ అతుకుల్లోని సోల్డర్ 183 దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. పొరపాటున కోర్ లోపల ఉండిపోతే అతుకులన్నీ ఊడతాయి.

పెట్టె బయటివైపు ఏం వేసినా ఇంజిన్ మూత కింద ఉంటుంది. లోపలివైపు వేసింది మాత్రం కార్లో కూర్చున్నవాళ్ల ముక్కులోకి వస్తుంది. అందుకే లోపల పల్చగా వేసి, వారాల తరబడి ఆరనివ్వండి. ఆరిందో లేదో తేల్చుకోవడానికి పెట్టెను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, వెచ్చటి గదిలో ఒక రాత్రి ఉంచండి. తెల్లారి సంచి విప్పగానే ముక్కు పెట్టి చూడండి. పెయింటు వాసన గుప్పుమంటే ఇంకా సమయం కావాలి. ఆ తర్వాతే కొత్త నురుగు పట్టీలు అతికించండి, ఆరని పెయింటు మీద జిగురు నిలవదు. నీళ్లు పీల్చని రకం నురుగు తీసుకోండి. ఫ్లాప్ అంచులకే కాదు, కోర్ చుట్టూ కూడా వేయాలి. అక్కడ సందు ఉంటే గాలి కోర్ లోంచి పోకుండా పక్కనుంచి జారిపోతుంది, వేడి రాదు. హీటర్ సరిగా పనిచేయట్లేదనే పాత కార్లలో చాలావాటికి రోగం ఆ సందుల్లోనే ఉంటుంది.

ఆ బూడిద రంగు పీచు అట్టను ఇక పొడిగా ముట్టుకోకండి. ఆ కాలపు కార్లలో ఇలాంటి చోట ఆస్బెస్టాస్ వాడడం ఉండేది. చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, ల్యాబ్ పరీక్ష ఒక్కటే దారి. అప్పటిదాకా గీకడం, ఊదడం, మామూలు వాక్యూమ్ పెట్టడం వద్దు. నీళ్లు చిలకరించి తడిపి, సంచిలో మూసి పక్కన పెట్టండి. ఉందని తేలితే మీరుండే చోటి నిబంధనల ప్రకారం అప్పగించండి. పాత పెయింటులో సీసం కూడా ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఇకపై పొడిగా గీకకుండా తడి శాండ్‌పేపర్ వాడండి, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి. ఇప్పటికే గీకిన చోట నేలను తడిగుడ్డతో తుడిచేయండి, చీపురు పట్టవద్దు.

మోటారు వైర్లకు టెన్షన్ అక్కర్లేదు. 1965 ఎంజీబీ పాజిటివ్ ఎర్త్ కారు, అంటే బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌ను బాడీకి కలుపుతారు; 1967 చివర్లో వచ్చిన రెండో మార్కు (మార్క్ II మోడల్)తోనే అది నెగెటివ్‌కు మారింది. మీ కారును మధ్యలో ఎవరైనా మార్చారేమో బ్యాటరీ దగ్గర చూడండి, బాడీకి బిగించిన వైరు ఏ టెర్మినల్‌దో చూస్తే తెలుస్తుంది. మోటార్లలో రెండు రకాలున్నాయి. లోపల శాశ్వత అయస్కాంతం ఉంటే వైర్లు మార్చగానే వెనక్కి తిరుగుతుంది. అయస్కాంతం బదులు తీగచుట్ట ఉన్నవాటిలో చాలావరకు ఎటు కలిపినా ఒకటే వైపు తిరుగుతాయి. పెట్టెలో బిగించే ముందే కాసేపు కరెంటిచ్చి, కాగితం ముక్క అడ్డం పెట్టి గాలి ఎటు పోతోందో చూసుకోండి. ఫ్యాన్ రెక్కలకు మాత్రం పెయింటు వేయకండి. ఒక రెక్క మీద కాస్త ఎక్కువ పడినా అదురు మొదలవుతుంది.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి. పైపులు మూసేయమన్న మాటను కోపంలో అన్నదని కొట్టిపారేయకండి, దాన్నీ ఒక దారిగానే చూద్దాం. కోర్ తీసేసి రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపేస్తే లీకు ఆగుతుంది, ఖర్చూ ఉండదు, కారు రేపే రోడ్డెక్కుతుంది. కోర్ బాగయ్యేలోపు తాత్కాలికంగా నేను కూడా అదే చేయమంటాను. కానీ అలాగే వదిలేస్తే వానలో, చలిలో అద్దం మీది మంచు పోగొట్టే సాధనం ఉండదు. అన్నట్టు, కూలెంట్ బయటికి తీసినప్పుడు గిన్నె తెరిచి వదిలేయకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి.

చప్పుడు చేయకుండా బిగించేయడం అన్నది మాత్రం నాకు నచ్చలేదు. నీతి మాట అలా ఉంచండి, ముందు అది సాధ్యం కాదు. ఆయన హీటర్ వేసిన మొదటి రోజే పెయింటు వాసన విషయం చెప్పేస్తుంది. అప్పుడు చెరిపేసిన కోపానికి దాచిన కోపం కూడా తోడవుతుంది.

ఆయన బాధ వెండి రంగు గురించి అనుకుంటే మీరు వెండి డబ్బా కొనడానికి వెళ్తారు. నాకు ఉత్తరం చదివితే అలా అనిపించలేదు. ఇద్దరి సొత్తులో ఒకరే నిర్ణయం తీసుకున్నారు. పెట్టె ఊడదీసిన రోజే ఒక ఫొటో పంపి "ఇలా ఉంది, ఏం చేద్దాం" అని అడిగి ఉంటే ఆయన కూడా గీకడానికే ఒప్పుకునేవారేమో. మరోవైపు, ఆ వెండి రంగు కింద తుప్పు తింటోందని, కార్పెట్ తడుస్తోందని ఆయనకు తెలియకపోవచ్చు. మీరు చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. నాన్నగారు ఉంటే ఏమనేవారో అని మాత్రం మీరిద్దరూ వాదనకు దిగకండి. ఆయన తరఫున మాట్లాడే హక్కు ఇద్దరికీ సమానమే కాబట్టి అది తెగదు.

గీకిన పెట్టెను మళ్లీ మొత్తం వెండి చేయవచ్చు. అన్నయ్యకు చూడ్డానికి పాతలా ఉంటుంది, కానీ అది మీ బ్రష్ పని, నాన్నగారిది కాదు. నకలు చేశావని ఇంకా నొచ్చుకోవచ్చు. పలకతో సహా అంతా నలుపు చేస్తే కంపెనీ రూపానికి దగ్గరగా ఉంటుంది. పోటీలకో అమ్మకానికో అయితే దానికే విలువ, మీరు ఆ రెండూ అనుకోవడం లేదు. పైగా మిగిలిన ఒక్క పలకా పోతుంది. ఇది వెనక్కి తీసుకోలేని పని కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప చేయవద్దు.

నా మొగ్గు వేరే వైపు ఉంది. పెట్టె నలుపు, ముందు పలక ఉన్నది ఉన్నట్టు. పలక లోపలివైపు మాత్రం తుప్పు తీసి ఎపాక్సీ వేయండి, అది ఎవరికీ కనిపించదు. బయటివైపు మెత్తటి సబ్బునీళ్లతో కడిగి, ఆరాక పల్చగా మైనం పాలిష్ రాయండి. క్లియర్ లాకర్ కొట్టాలని ఆశ పుడుతుంది, వద్దు. పాత అల్యూమినియం పెయింటు మీద అది రంగును మార్చేయవచ్చు, లేదా కొన్నాళ్లకు పొరలుగా లేవవచ్చు. మైనమైతే ఎప్పుడు కావాలన్నా తుడిచేయవచ్చు. అంచుల్లో తుప్పు మెల్లగా పాకుతుంది, ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి. ఆ పలకకు ఆ మాత్రం కూడా ప్రమాదం వద్దనుకుంటే, వాడిన పలక ఇంకొకటి సంపాదించి కారుకు బిగించి, నాన్నగారిది ఇంట్లో పెట్టుకోవచ్చు. అయితే ఎవరింట్లో అనే ప్రశ్న వస్తుంది. మీ ఇద్దరి సంగతి చూస్తే దానికి ముందే సిద్ధపడడం మంచిది.

వీటిలో ఏది చేయాలన్నది అన్నయ్యతో కలిసి తేల్చుకోండి. మొదటి మెసేజ్‌లో రంగు ఊసెత్తకుండా, నీళ్ల టబ్బులో బుడగలు వస్తున్న కోర్ వీడియో పంపండి. కింద రెండు ముక్కలు చాలు: "కోర్ కారుతోంది. గీకే ముందు నిన్ను అడగాల్సింది. ముందు పలక ముట్టుకోలేదు, దాన్నేం చేయాలో నువ్వు వచ్చాక చూద్దాం." వెంటనే జవాబు రాకపోతే వెంటపడకండి, కోర్ పని ఎలాగూ కొన్నాళ్లు పడుతుంది.

టబ్బు పరీక్షలో బుడగలే రాకపోతే మాత్రం నాకు మళ్లీ రాయండి. అప్పుడు నీళ్లు కారేది గొట్టాల క్లిప్పుల దగ్గరో, హీటర్ వాల్వ్ దగ్గరో అయి ఉండవచ్చు. కార్పెట్ తడికి వాన నీళ్లు కూడా కారణం కావచ్చు, తడిని తాకితే జిడ్డుగా ఉందో మామూలు నీళ్లలా ఉందో చూసి అది కూడా రాయండి.